సీసం కోడలు

మా అత్తవారి ఊళ్ళో నాకొక పేరు పెట్టారు. సీసం కోడలు. బట్టలకో సామానుకో పుట్టింటినుంచి అక్కడికి వెళ్ళి బోరింగు దగ్గర ఆగినా, పడవలు ఒడ్డుకొచ్చే వేళ చేపల కోసం వెళ్ళినా ఎవరో ఒకరు అంటారు, "సీసం కోడలొచ్చినాది, సేతులు కడుక్కోండే" అని. మిగతా ఆడవాళ్ళు నవ్వుతారు. మొదట్లో మొహం తిప్పుకునేదాన్ని. ఇప్పుడు తిప్పుకోను. "కడుక్కోండి మరి, సబ్బుతో" అంటాను.

ఆ పేరు నాకెందుకొచ్చిందో రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. పగలు కుదరదు. పాప నిద్రపోయాక, ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేనప్పుడు కాస్త కాస్త రాస్తున్నాను.

నేను పుట్టింది బరంపురంలో, గోసాని నువాగాంలో. మాదీ సముద్రం మీద బతికిన కులమే, కానీ మా తాతల కాలంలోనే ఊరు వదిలి పట్నానికి వచ్చి ఎండుచేపల వ్యాపారంలో పడ్డారు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. నేను ఇక్కడే కాలేజీలో కెమిస్ట్రీ చదివాను. పెళ్ళయ్యాక గంజాం ఒడ్డున ఒక పల్లెకు వెళ్ళాను. మా ఆయన వానలు వెనకబట్టగానే గుజరాత్ బోట్ల మీదికి వెళతాడు. ఎండలు ముదిరి అక్కడ వేట ఆపేదాకా రాడు. ఇంట్లో ఉండేది నేనూ, మా అత్తా, మా పాపా.

మా అత్త వల గుండ్లు పోస్తుంది. వల నీళ్ళలో నిలువుగా నిలబడాలంటే పైతాడుకి తేలే బెండ్లు, అడుగుతాడుకి మునిగే గుండ్లు కావాలి. ఆ గుండ్లు సీసంతో చేస్తారు. మావయ్య బతికున్నప్పుడు ఆయన పోసేవాడట. ఆయన పోయాక ఆమె ఆ పని చేపట్టింది. కొడుకుని పెంచింది ఆ గుండ్ల మీదే. చుట్టుపక్కల ఏ వల చూసినా అందులో మా అత్త పోసిన గుండ్లు ఉంటాయి. ఆ మాట ఆమె ఎవరి ముందైనా తల ఎత్తి చెప్పుకుంటుంది. చెప్పుకోదగ్గదే.

పెళ్ళయిన కొత్తలో ఆ పని చూడడం నాకెంతో ఇష్టంగా ఉండేది. వంటింటి వెనక పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి. దాని మీద ఇనప మూకుడు. పాత బ్యాటరీలు పగలగొట్టి తీసిన పలకలు అందులో వేస్తుంది. ఇనుముకు చీమ కుట్టినట్టయినా ఉండని మంటకి సీసం ఇట్టే కరిగిపోతుంది. మీద బూడిద రంగు తెట్టు కడుతుంది. గరిటెతో ఆ తెట్టు పక్కకు తీసేస్తే లోపల అద్దంలా మెరుస్తుంది. దాన్ని మట్టి అచ్చులో పోస్తే సన్నని కడ్డీలు వస్తాయి. కడ్డీని కత్తితో ముక్కలు కోసి, తాడు చుట్టూ చుట్టి నొక్కితే గుండు. కోసిన చోట వెండిలా ఉంటుంది, కాసేపటికే మసకబారుతుంది. ఉప్పునీళ్ళలో ఎన్నేళ్ళున్నా ఇనుములా తుప్పు పట్టి రాలిపోదు. గోటితో గీస్తే గీత పడుతుంది. వేళ్ళతో బిగించలేకపోతే మా అత్త పంటితో బిగిస్తుంది. ఊళ్ళో అందరూ అలాగే బిగిస్తారు.

కాలేజీలో నేను చదివిన సీసం ఒక పట్టికలో ఒక గడి. ఎనభై రెండు. బరువైనది, మెత్తనిది, తొందరగా కరిగేది, విషం. పరీక్షలో ఆ నాలుగు మాటలకీ మార్కులు పడ్డాయి. ఆ నాలుగో మాట మా పెరటికి వర్తిస్తుందని నాకు తట్టడానికి పాప పుట్టాల్సి వచ్చింది.

పాపకి ఏడాది దాటాక మొహం పాలిపోవడం మొదలైంది. తిండి చూస్తే మూతి తిప్పేది. కడుపు పట్టుకుని ఏడ్చేది. రోజుల తరబడి విరేచనం అయ్యేది కాదు. అన్నిటికంటే నన్ను భయపెట్టింది ఇంకొకటి. అప్పటికే "అమ్మ", "తాత", "కాకి" అనేది. ఆ మాటలు ఒక్కొక్కటే మానేసింది. పిలిస్తే చూసేది, పలికేది కాదు.

నాకు భయం ఎక్కువ, ఒప్పుకుంటాను. పాప నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే రకాన్ని. అందుకే నేను ఏది చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. "దిష్టి" అంది మా అత్త. "పాముల మందు ఏస్తే సరి" అంది పక్కింటి పిన్ని. కడుపులో నులిపురుగుల్ని మావైపు పాములంటారు. బరంపురంలో డాక్టరు చూసి రక్తం తక్కువుందన్నాడు, పాముల మందూ ఐరన్ సిరప్పూ రాశాడు. రెండూ అయిపోయాయి. పాప అలాగే ఉంది.

ఒకరోజు పొద్దున్న మా అత్త తెట్టు తీసి పక్కన పోస్తోంది. గాలికి ఆ పొడి లేచింది. పాప పొయ్యికి దూరంగానే కూర్చుని ఉంది, చేతిలో బెల్లం ముక్క. ఆ పొడి ఆరేసిన బట్టల మీదా, పాప జుట్టు మీదా, బెల్లం మీదా వాలడం చూశాను. పాప బెల్లం నాకింది. నాకు పరీక్ష హాలు గుర్తొచ్చింది, ఆ నాలుగో మాట గుర్తొచ్చింది. లేచి పాపని ఎత్తుకుని, నోరు కడిగి, మధ్యాహ్నం బస్సుకే బరంపురం వెళ్ళాను.

"రక్తంలో సీసం ఉందేమో చూడాలండీ" అన్నాను డాక్టరుతో.

ఆయన నవ్వుతూ ఒడియాలో అడిగాడు, ఇది ఫోన్లో చదివారా అని.

"కాదండీ, కాలేజీలో చదివాను. మా ఇంట్లో కరిగిస్తారు."

నవ్వు ఆపాడు. చీటీ రాశాడు. ఆ రక్తం వేరే ఊరికి పంపాలన్నారు. ఫలితం వచ్చేదాకా నేను పుట్టింట్లోనే ఉన్నాను. వచ్చాక ఆయనే పిలిచి చెప్పాడు, ఉంది, బాగా ఎక్కువే ఉంది అని. ఆస్పత్రిలో పెట్టి మందు ఎక్కించాల్సినంత కాదట. ముందు అది ఎక్కడినుంచి వస్తోందో అక్కడినుంచి బిడ్డను తప్పించాలి, తిండి బాగా పెట్టాలి, కొంతకాలం తర్వాత మళ్ళీ చూడాలి అన్నాడు. "ఎంతుంటే పరవాలేదండీ?" అని అడిగాను. పిల్లలకు ఎంతైనా పరవాలేదు అనడానికి లేదు అన్నాడు.

ఒంటికి సీసమేదో, కాల్షియమనే సున్నమేదో తెలియదు. ఎముక కట్టుకోవడానికి సున్నం కావాలి కాబట్టి, సున్నంలా కనిపించిన ఈ దొంగనీ లోపలికి రానిచ్చి ఎముకలో దాచుకుంటుంది. పెద్దవాళ్ళ కంటే పిల్లలు ఎక్కువ దాచుకుంటారు, వాళ్ళ ఎముకలు ఇంకా కట్టుకుంటున్నాయి కాబట్టి. సీసం నెత్తురు పట్టనివ్వదు. మెదడు ఎదిగే వయసులో మెదడుని పట్టుకుంటుంది. ఇదంతా మళ్ళీ చదివాను.

పల్లెకు వెళ్ళి మా అత్తతో చెప్పాను. పాపని అమ్మ దగ్గరే ఉంచి వెళ్ళాను. అదే ఆమెకు మొదటి దెబ్బ.

"పిల్లదేదే?" అంది.

"బరంపురంలో ఉంది అత్తా. దాని ఒంట్లో సీసం చేరింది. నువ్వు ఇంట్లో సీసం కరిగించినన్నాళ్ళూ ఇక్కడికి తీసుకురాను."

ఆమె గుడాఖు పొగాకుముద్ద వేలికి రాసుకుని పళ్ళు తోముకుంటూ అంది, "నీ మొగుడు ఈ పెరట్లోనే పాకినాడు. ఈ మూకుడు పక్కనే తొంగున్నాడు. ఆడికేటయినాది? సచ్చిపోనాడా?"

"చావలేదు అత్తా. చావనంత మాత్రాన ఏమీ కాలేదని కాదు."

"ఓలమ్మ, సదువు." పక్కింటి పిన్నికి వినపడేలా గోడ వైపు తిరిగింది. "ఇన్నావేటే? నాను ఇసం పెడతన్నానంట నా మనవరాలికి."

"నువ్వు పెడుతున్నావని అన్లేదు. నీ చేతికుంది, నీ చీరకుంది, ఈ మట్టిలో ఉంది. ముట్టుకుంటే అంటుకుంటుంది."

"అయితే నానేటి మైలా?"

మెత్తగా చెప్పాలని చూడలేదు. "గుండ్లు పోసి తానం చెయ్యకుండా వస్తే మైలే" అన్నాను. ఆమె చేతిలో గుడాఖు డబ్బా నేలకు కొట్టి లోపలికి వెళ్ళిపోయింది. నేను తిరుగు బస్సెక్కాను. ఆ సాయంత్రానికే ఊళ్ళో నా పేరు మారిపోయింది.

మా ఆయన బోటు మీదినుంచి, సిగ్నల్ దొరికినప్పుడు ఫోన్ చేశాడు. "అమ్మని మైలన్నావంట?"

"అన్నాను."

"ఏటనీసినావే తల్లీ. ఊరంతా నవ్వుకుంటన్నారంట."

"నవ్వనీ. నీ కూతురు మాటలు మానేసింది. నువ్వు ఫోన్లో పిలిచినా పలకట్లేదు, నువ్వే అన్నావు మొన్న."

"అమ్మకి ఆ పని తప్ప ఇంకేటి రాదే" అన్నాడు. నాకూ తెలుసు. తెలిసే అన్నాను.

పుట్టింట్లో ఇల్లంతా తడిగుడ్డతో తుడిచేదాన్ని, చీపురు పెడితే దుమ్ము లేస్తుందని. రాగిజావ, గుడ్డు, పాలు, తోటకూర, నిమ్మకాయ పిండిన పప్పు. పాప తిన్నా తినకపోయినా పెట్టేదాన్ని. మా అమ్మ "దాని వెనకాల పరిగెత్తి పరిగెత్తి నువ్వు సగమైపోనావు" అనేది. రెండోసారి రక్తం ఇచ్చాక తగ్గి ఉంటుందని నాకు నమ్మకంగా ఉంది. బిడ్డ ఆ ఊళ్ళో లేదు, ఆ పెరట్లో లేదు, ఆ మూకుడు వాసన కూడా తగలట్లేదు.

తగ్గలేదు. కొంచెం పెరిగింది.

డాక్టరు నన్ను సూటిగా అడిగాడు, బిడ్డను మళ్ళీ అక్కడికి తీసుకెళ్ళారా అని. లేదన్నాను. నమ్మినట్టు కనిపించలేదు. "అయితే మీ ఇంట్లోనే ఉంది" అన్నాడు. ఇంటికొచ్చి గోడల రంగు చూశాను, కుళాయి చూశాను, గిన్నెలు చూశాను, పాప కాటుక డబ్బా పారేశాను, రంగు కోసం సీసం కలుపుతారని పసుపు కూడా మార్చాను. నేను గోడకు గోరు పెట్టి గీకుతుంటే మా అమ్మ నా వైపు చూసిన చూపు నాకు అర్థమైంది. పిచ్చి పడుతోందనుకుంది.

దొరికింది ఒక మధ్యాహ్నం. పాప ఉయ్యాలలో పడుకుని ఉంది. నేను పక్కన నేల మీద వాలాను. నిద్రపోయిందనుకుంటే చిన్నగా చప్పుడు వినిపించింది, ఎలుక కొరికినట్టు. తల ఎత్తి చూశాను. పాప కళ్ళు తెరిచే ఉన్నాయి. ఉయ్యాల అంచు తాడు నోట్లో పెట్టుకుని నములుతోంది. ఆ అంచు తాడుకి వరసగా గుండ్లు.

మావాళ్ళలో పిల్లలకు చెక్క ఉయ్యాల కట్టరు. పాత వలని మడతేసి, లోపల మెత్తని చీర పరిచి, దూలానికి కడతారు. చెమట పట్టదు, గాలి ఆడుతుంది. అడుగుతాడుకున్న గుండ్లు మాత్రం విప్పరు. ఒడ్డున ఇళ్ళకు గాలెక్కువ. గుండ్లు లేకపోతే ఉయ్యాల గాలికి తిరిగిపోయి బిడ్డ కింద పడుతుందని, గుండ్ల బరువుతో ఉయ్యాల నిలకడగా ఉంటుందని అలా ఉంచేస్తారు. తరాలుగా అంతే. మా పాప ఉయ్యాల మావయ్య ఆఖరుగా అల్లిన వల. ఇక్కడ పాపకు మంచం మీద నిద్ర పట్టడం లేదని తెలిసి, నాతో మాటల్లేకపోయినా, మా అత్త ఎవరిచేతో బస్సులో పంపింది. మా అమ్మ దూలానికి కట్టింది. గోసాని నువాగాం ఇరుకు సందులో ఏ గాలీ లేదు. అయినా గుండ్లు అలాగే ఉన్నాయి. ఉయ్యాల అంటే గుండ్లతోనే ఉంటుంది మాకు. నేను ఇంట్లో ప్రతి వస్తువునీ అనుమానించాను కానీ దాన్ని వస్తువుగా చూడలేదు.

తాడు నోట్లోంచి తీశాను. గుండ్ల మీద చిన్న చిన్న పంటి గాట్లు. గాటు పడిన చోటల్లా వెండిలా మెరుస్తోంది. పాప ఏడ్చింది, మళ్ళీ కావాలని. సీసం లవణాల్లో కొన్ని తియ్యగా ఉంటాయని చదివాను. ఈ గుండు నా బిడ్డకు ఏ రుచి తగిలిందో నాకు తెలియదు. ఆ ఏడుపు వింటుంటే మాత్రం ఆ పాఠమే గుర్తొచ్చింది.

మా అమ్మ ఉయ్యాల విప్పి కుప్పగా నేల మీద పడేసింది. "ఇంక సాలు. ఆ ఊరు వద్దు, ఆ మనిషి వద్దు. ఇక్కడే ఉండు. అల్లుడొస్తే ఇక్కడికే రమ్మను."

"అది కుదరదమ్మా."

"ఎందుకు కుదరదే? ఆవిడ పంపిందే కదా ఇది."

"ఆమె పంపింది ఉయ్యాల. నువ్వు కట్టావు, నేను పడుకోబెట్టాను. ఎవరి తప్పని చెప్పను? ఆ ఊళ్ళో ఇంకా ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది దీన్ని నములుతున్నారో" అన్నాను. ఆ మాట నా నోటినుంచి వచ్చాకే నాకు తెలిసింది నేను వెళ్ళబోతున్నానని.

మర్నాడు పాపని అమ్మ దగ్గర వదిలి, ఉయ్యాల సంచిలో పెట్టుకుని వెళ్ళాను. మా అత్త పెరట్లో కడ్డీలు కోస్తోంది. పిన్నీ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ వలలకు గుండ్లు బిగిస్తున్నారు, ఒకామె పంటితో. నన్ను చూసి "సీసం కోడలు" అని మొదలెట్టారు. నేను ఉయ్యాల తీసి వాళ్ళ మధ్యన పరిచాను. పంటి గాట్లున్న చోట వేలు పెట్టి చూపించాను.

"ఇవి ఎలక గాట్లు కావు. పాప పళ్ళు."

పక్కన పడున్న కత్తి తీసుకుని మొదటి గుండు విప్పదీశాను.

"ఆగే" అంది మా అత్త. "అది మీ మావ సేతి వల."

"వల కొయ్యను అత్తా. గుండ్లే తీస్తాను. ముడి ఒక్కటి తెగినా నన్ను అడుగు."

నిజంగానే ఒక్క ముడీ తెగకుండా తీశాను. చాలాసేపు పట్టింది. వేలు తెగింది. తీసినవన్నీ ఆమె మూకుట్లో వేశాను. ఒక్కొక్కటి పడుతుంటే ఠంగుమన్న చప్పుడు.

పిన్ని గొంతు సవరించుకుంది. "మరి గాలికి ఎగిరిపోదేటే ఉయ్యాల?"

"కిందికి తాడేసి గుంజకి కట్టు పిన్నీ. ఇసక మూట కట్టు. నీ మనవడి ఉయ్యాలకీ ఉన్నాయి, ఇంటికెళ్ళి చూసుకో, గాట్లుంటాయి."

"నా మనవడికి పళ్ళే రాలేదు, గాట్లేటి, నీ సదువు నీ దగ్గరెట్టుకో" అంది విసురుగా. అని, కాసేపటికి లేచి వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో నేను అడగలేదు. మిగతా ఇద్దరూ ఆమె వెనకే వెళ్ళారు.

మా అత్త గాట్లున్న గుండు ఒకటి అరచేతిలో పెట్టుకుని చూస్తోంది. నోటితో బిగించే మనిషి కదా, పంటి గాటు ఎలా ఉంటుందో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. నన్ను తిట్టలేదు. ఉండమనీ అనలేదు. నేను వల మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

ఆ తర్వాత చేసిన పరీక్షలో తగ్గింది. సున్నా కాలేదు. ఎముకలో చేరింది తొందరగా వదలదట, నిదానంగా దిగుతుందట. ఈమధ్యే పాప కిటికీలోంచి చూసి "కాకి" అంది. మాటలన్నీ వస్తాయో, ఎంత పోయిందో ఎవరూ చెప్పలేరు. డాక్టరు చెప్పలేడు, నేను చదివిన పుస్తకమూ చెప్పలేదు.

మా అత్త గుండ్లు పొయ్యడం మానలేదు. మానుతుందని నేను అనుకోలేదు. పొయ్యిని ఇంటికి దూరంగా, మొగలి పొదలు దాటి ఇసకలోకి మార్చిందని మా ఆయన ఫోన్లో చెప్పాడు. శ్మశానం నుంచి వచ్చినట్టు బయటే తానం చేసి, చీర మార్చి గానీ గుమ్మం తొక్కట్లేదట. "నా కోడలు నన్ను మైల సేసీసినాది, సేసినాక సెయ్యాల కదా" అని ఊరంతా చెప్పుకుంటోందట. చెప్పుకోనీ. అలా చెప్పుకుంటే ఇంకో నలుగురికి తెలుస్తుంది.

పోయిన వారం ఆమే బరంపురం వచ్చింది. తలుపు తీసేసరికి గుమ్మం బయట నిలబడి ఉంది. జుట్టు ఇంకా తడిగా ఉంది, ఉతికిన చీర.

"తానం సేసే వొచ్చినాను. ఇయ్యి పిల్లని."

పాప నా చంకలో ఉంది. ఆమెని చూసి చేతులు చాచింది. నేను ఇవ్వలేదు.

"గోళ్ళు చూపించు అత్తా."

మా అమ్మ వెనకనుంచి నా జాకెట్టు పట్టుకుని లాగింది. మా అత్త నన్ను ఎగాదిగా చూసి, రెండు చేతులూ ముందుకు చాపింది. గోళ్ళ కింద నల్లగా ఉంది. గోళ్ళు తీసే కటరు తెచ్చిచ్చాను. ఆమె తీసుకుంది కానీ నొక్కలేకపోయింది. మణికట్టు నిలవక చెయ్యి కిందికి వాలిపోతోంది. నవ్వినప్పుడు ఆమె చిగుళ్ళ అంచున కనిపించే నీలిగీత గుడాఖు మరక అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. రెండూ సీసం పనేనని అప్పుడు అర్థమైంది.

పాపని అమ్మకిచ్చి గుమ్మంలో కూర్చున్నాను. ఆమె చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని గోళ్ళు తీశాను.

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం. నీ రక్తం కూడా ఇవ్వాలి."

"నా నెత్తురేటికే? ముసిలి నెత్తురు."

"ఇవ్వాలి."

"దొరసానివే నువ్వు" అంది. వద్దని మాత్రం అనలేదు.

సబ్బిచ్చాను. మోచేతుల దాకా కడుక్కుంది, కడిగి నాకు చూపించింది. అప్పుడిచ్చాను పాపని. నాయనమ్మ చంక ఎక్కగానే పాప ఆమె మెడలోని తాయెత్తు తాడు పట్టుకుని నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. నేను లేవబోయాను. అంతలోనే ఆమె ఆ చిన్న చెయ్యి పట్టుకుని ఆపింది.

"నోట్లో ఎట్టకే తల్లీ. మీ అమ్మ సూస్తాది."

చూస్తాను. ఏ పేరు పెట్టినా చూస్తాను.